ఖాళీ గడులను విడిచి చీటి తీయుట

సంచిలో చీటీలు వేసి, కలిపి, కన్నులు మూసికొని ఒకటి తీసినంత మాత్రమున అది నిష్పక్షపాతమైన ఎన్నిక కాజాలదు. చీటీలు మనమనుకొన్నంతగా కలియవు. ఇంగ్లండులో నూలు పరిశ్రమ పరిశోధనలలో నుండిన ఎల్. హెచ్. సి. టిప్పెట్ 1927లో 41,600 అంకెలతో యాదృచ్ఛిక సంఖ్యల పట్టికను ప్రచురించెను. అంకెలను జనాభా లెక్కల నివేదికలనుండి ఏరుకొనెను. ఆ పట్టిక సాయముతో ఏ మాతృకలోనైనను, అనగా అడ్డువరుసలు నిలువువరుసలుగా పేర్చిన సంఖ్యల కూర్పులో, ఒక గడిని ఎన్నుకొనవచ్చును.

మరి కొన్ని గడులు ఖాళీగా ఉన్నచో? రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రమునకు ఈ బెడద పాతదే. ఒక మడిలో పైరు పాడైనచో ఆ గడిలో వ్రాయుటకు దిగుబడియే ఉండదు. 1930లో అలన్, విషర్ట్‌లును, 1933లో యేట్స్‌యు ఆ లోటును మిగిలిన మడులనుబట్టి అంచనా వేసి పూరించు పద్ధతిని చూపిరి. అట్లు పూరించిన సంఖ్య లెక్క సాగుటకే. దోషమును అంచనా కట్టునపుడు దానిని ఒక పరిశీలనగా లెక్కింపరు.

చీటి తీయువానికి ఈ పూరణ పనికిరాదు. అతనికి నిజముగా కొలిచిన సంఖ్యయే కావలెను. 4 అడ్డువరుసలు, 5 నిలువువరుసలు గల మాతృకలో 20 గడులుండగా 5 ఖాళీ అనుకొందము. ఖాళీ గడి తగిలినచో దాని తరువాతి గడిని తీసికొందమని తోచుట సహజము. మోసము ఇక్కడనే ఉన్నది. ఖాళీ వెనువెంట నున్న గడికి 20లో 2 పాళ్ల అవకాశము వచ్చును. ఖాళీలకు దూరముగా ఉన్న గడికి 1 పాలే. రెండు ఖాళీలు వరుసగా ఉన్నచో తరువాతి గడి 3 పాళ్లు కాజేయును! కావున ఖాళీ తగిలినచో ఆ సంఖ్యను విడిచి మరియొకటి తీయవలెను. అప్పుడు 15 గడులకును 15లో 1 వంతు చొప్పున సమానముగా వచ్చును. నూటికి 95 గడులు ఖాళీ అయినచో మాత్రము ఒక్క విలువకు సగటున 20 సార్లు తీయవలసి యుండును. అంత ఓపిక లేనివారు ముందుగా నిండిన గడుల జాబితా వ్రాసికొని దానినుండియే తీయుట మేలు.

ఎట్లు తీసినను ఈ ఎన్నిక నిండిన గడులను గూర్చియే చెప్పును. పరీక్షకు రానివారిలో వెనుకబడిన విద్యార్థులే ఎక్కువైనచో, వచ్చినవారి మార్కులలో ఎంత న్యాయముగా చీటి తీసినను తరగతి స్థితి తెలియదు. ఖాళీ ఏర్పడిన తీరును ఎప్పుడు ఉపేక్షింపవచ్చునో 1976లో డొనాల్డ్ రూబిన్ గణిత రూపమున వివరించెను.

1990 దశకములో ఆక్లండు విశ్వవిద్యాలయమున ఇహాకా, జెంటిల్మన్‌లు రూపొందించిన ‘ఆర్’ అను కంప్యూటరు భాషలో లోపించిన విలువకు ‘ఎన్.ఏ.’ అను గుర్తు కలదు. నిండిన గడుల క్రమసంఖ్యల జాబితాను ‘శాంపుల్’ అను ఆదేశమునకు ఇచ్చినచో పని క్షణములో ముగియును. కాని నిండిన గడి ఒక్కటే, 17వది, ఉన్నదనుకొనుడు. జాబితాలో 17 మాత్రమే ఉండును. ఆదేశము దానిని 1 నుండి 17 వరకు గల సంఖ్యలని గ్రహించి వానిలో ఒకటి తీసి ఇచ్చును! అది ఖాళీ గడియే కావచ్చును, యంత్రము హెచ్చరింపదు. అందుచే జాబితాలో ఎన్నవ స్థానమును చూడవలెనో దానిని మాత్రమే ‘శాంపుల్’ చేత తీయించి, ఆ స్థానమున వ్రాసియున్న గడికి పోవలెను.