నమూనా ఆవిరి యంత్రం (పోతల కిట్)

పోతల కిట్ అంటే, చిన్న ఆవిరి యంత్రానికి కావలసిన భాగాలను కరిగించిన లోహంతో అచ్చుపోసి, తుదిరూపం ఇవ్వకుండానే డ్రాయింగులతో సహా అందించే సరంజామా. బ్రిటన్‌లో 20వ శతాబ్ది ఆరంభం నుంచి ఇటువంటి కిట్లకు స్టువర్ట్ టర్నర్ సంస్థ పేరొందింది. దాని ‘10వి’ నమూనాలో నిలువు సిలిండర్ లోపలి వ్యాసం, పిస్టన్ కదిలే దూరమైన స్ట్రోక్ రెండూ ముప్పావు అంగుళం, అంటే సుమారు 19 మిల్లీమీటర్లు.

నిర్మాణం: పోత ఇనుము పైపొర గట్టిగా, ఇసుక రేణువులతో ఉండి పనిముట్టు మొనను త్వరగా మొద్దుబారుస్తుంది కనుక, మొదటి కోత ఆ పొర కిందికి దిగేంత లోతుగా ఉండాలి. సిలిండర్ రంధ్రాన్ని లేత్ మీద తొలిచి, అదే బిగింపులో ఒక అంచును కూడా చదును చేస్తే, ఆ రెండూ పరస్పరం లంబంగా ఉంటాయి. ఆవిరిని పిస్టన్‌కు ఇరువైపులా మార్చి మార్చి పంపే స్లైడ్ వాల్వును క్రాంక్ షాఫ్ట్‌పై ఉన్న ఎక్సెంట్రిక్, అనగా కేంద్రం తప్పించి బిగించిన బిళ్ల, నడుపుతుంది. సాధారణంగా ఇది క్రాంక్ కంటే 90 డిగ్రీలకు కొద్దిగా ఎక్కువ ముందుండేలా అమరుస్తారు.

తుది మెరుగు: పోతల గరుకును ఆకురాయితో తీసి, గుంటలను లప్పంతో పూడ్చి, జిడ్డు పోయేలా కడిగి, ప్రైమర్ మీద రంగు వేస్తారు, రాపిడి తలాలకు మాత్రం రంగు తగలనివ్వరు. పూర్తయిన యంత్రాన్ని తొలిసారి ఆవిరితో కాక, తక్కువ పీడనంలోని గాలితో నడిపి పరీక్షించడం పరిపాటి.