మద్యశాలలపై నష్టపరిహార దావా - నోటీసు నిబంధనలు

మద్యం మత్తులో ఉన్న వ్యక్తి వలన గాయపడినవారు, అతనికి మద్యం అమ్మిన బారుపై నష్టపరిహారం కోరుతూ దావా వేయుటకు పాటించవలసిన నోటీసు నియమాలను ఈ వ్యాసం తెలుపుతుంది. అమెరికాలో పలు రాష్ట్రాలలో ఇందుకు ప్రత్యేక చట్టాలు ఉన్నవి. వీటిని 'డ్రామ్ షాప్' చట్టాలు అంటారు. భారతదేశంలో అటువంటి ప్రత్యేక చట్టం లేదు.

అమెరికాలో

కనెక్టికట్ రాష్ట్రంలో సంఘటన జరిగిన 120 రోజులలోగా అమ్మకందారుకు లిఖితపూర్వక నోటీసు అందజేయాలి. మెయిన్ రాష్ట్రంలో ఈ గడువు 180 రోజులు. మిన్నెసోటాలో గాయపడిన వ్యక్తి న్యాయవాదిని నియమించుకున్న నాటి నుండి 240 రోజులు లెక్కిస్తారు.

హైదరాబాదులో

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం నుండి తార్నాక వైపు నడిచి వస్తున్న ఒక విద్యార్థిపైకి తాగి నడిపే వ్యక్తి వాహనం దూసుకువచ్చినదనుకొందాము. సాధారణంగా మోటారు ప్రమాదాల ట్రిబ్యునలులో వాహన చోదకుడు, యజమాని, బీమా సంస్థలపై దరఖాస్తు చేస్తారు. దీనికి 6 నెలల గడువు విధించిన సవరణ 2022 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చినది. దాని చెల్లుబాటును సుప్రీంకోర్టులో సవాలు చేశారు.

బారుపై దావా వేరు. దానిని సివిల్ కోర్టులో వేసి, బారు యాజమాన్యపు నిర్లక్ష్యాన్నీ, ఆ నిర్లక్ష్యం వలననే గాయం కలిగినదనీ రుజువు చేయాలి. ఈ రెండవది చాలా కష్టం. 21 సంవత్సరాలు నిండనివారికి అమ్మినట్లు తేలితే కొంత బలం చేకూరవచ్చును. ప్రైవేటు బారుకు ముందస్తు నోటీసు ఇవ్వాలని చట్టం ఎక్కడా చెప్పదు. న్యాయవాదులు తపాలాలో పంపే నోటీసు ఆనవాయితీ మాత్రమే. అయితే 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం గాయానికి సాధారణంగా 3 సంవత్సరాలలో, మరణానికి 2 సంవత్సరాలలో దావా వేయాలి. నోటీసుకు జవాబు కోసం ఎదురుచూస్తూ ఈ గడువును పోగొట్టుకొనరాదు.

ప్రభుత్వం ప్రతివాది అయినపుడు

ఆబ్కారీ అధికారుల అలసత్వాన్ని కూడా ప్రశ్నించదలచినచో 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను వర్తిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ కార్యదర్శికి గాని, జిల్లా కలెక్టరుకు గాని నోటీసు అందజేసి 2 నెలలు ఆగవలెను. అధికారిపై దావా అయితే నోటీసు ఆయనకు అందాలి. వాది పేరు, నివాసం, దావాకు కారణం, కోరే పరిహారం అందులో ఉండాలి. 2 నెలలు నిండకముందే వేసిన దావా చెల్లదని బిహారీ చౌదరి కేసులో (1984) సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అత్యవసర ఉపశమనం కావలసినపుడు కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే దావా వేయవచ్చును. నోటీసు కాలాన్ని కాలపరిమితి లెక్క నుండి మినహాయిస్తారు.

విశ్వవిద్యాలయం చట్టం ద్వారా ఏర్పడిన సంస్థయే గాని ప్రభుత్వం కాదు. కావున ప్రాంగణంలో జరిగిన ప్రమాదానికి ఆ సంస్థపై వేసే దావాకు సాధారణంగా ఈ సెక్షను వర్తించదు. విద్యార్థులు తరచుగా పొరబడే విషయమిది.