ఊదా రంగునకు అర్థము లెన్ని?

నవజాత శిశువునకు మాస్కు ద్వారా కృత్రిమ శ్వాస నందించునప్పుడు బొగ్గుపులుసు వాయు సూచికను వాడుట, మత్తువైద్యుని పనిముట్టు ప్రసవశాలకు తరలివచ్చిన సహజ పరిణామ మని సాధారణముగా చెప్పుచుందురు. ఈ కథనము అసత్యము కాకున్నను అసంపూర్ణము. శ్వాసగొట్టము సరియైన చోట నున్నదా యను ప్రశ్నకై పుట్టిన పరికరమును, గొట్టమే లేని శిశువు విషయమున దారి తెరచియున్నదా యని అడుగ నారంభించినప్పుడు, అది చెప్పు జవాబునకు అర్థమే మారినది.

పూర్వకథ సుపరిచితమే. ఈ వాయువు పరారుణ కిరణములను గ్రహించునని టిండాల్ 1859లో ఆరంభించిన ప్రయోగములు చూపగా, ఆ గుణమును పురస్కరించుకొని లుఫ్ట్ 1943లో విశ్లేషణ యంత్రమును రూపొందించెను. 1980ల తరువాత, ఒకసారి వాడి పారవేయదగిన రంగుసూచిక వచ్చెను. అందలి కాగితమునకు పూసిన మెటాక్రెసాల్ పర్పుల్, నిశ్వాసములోని వాయువు తేమలో కరగి ఆమ్లమైనంతనే ఊదా రంగు విడిచి పసుపు రంగు దాల్చును; శిశువు లోనికి పీల్చగానే మరల ఊదా యగును. గొట్టము ఉనికిని నిర్ధారించుటకు ఇట్టి పరీక్ష నమ్మదగినదని 2010 నాటి అంతర్జాతీయ మార్గదర్శకములు స్థిరపరచెను.

వివాద మంతయు మాస్కు దగ్గరనే కలదు. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన లియోన్, ఫైనర్ ప్రభృతులు 2006లో ఈ వాడుకను ప్రతిపాదించి, 2009లో మిక్కిలి తక్కువ బరువుతో పుట్టిన 24 మంది శిశువులలో 18 మందికి శ్వాస కడ్డంకి కనబడెనని ప్రకటించిరి. మెడ ముందుకు వంగినను, మాస్కును అదిమి పట్టిన చేయి నోటిని ముక్కును మూసినను గాలి లోనికి పోదు. బిగువుగా పట్టిన వైద్యునికి మాత్రము అంతయు సవ్యముగనే తోచును. ఈ అదృశ్య లోపమును కంటికి చూపుట వారి నిజమైన ఘనత. రంగు మార్పు హృదయస్పందన పెరుగుటకు ముందే వచ్చునని 2014 నాటి మరియొక అధ్యయనము తెలిపెను.

అయినను రంగు మారకుండుట ఎల్లప్పుడు అడ్డంకికి గుర్తగునా? హూపర్ మొదలగువారు 2013లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, వెలువడు వాయువు ఊపిరితిత్తులు ఎంతవరకు గాలితో నిండినవో తెలుపును. పుట్టిన తొలి క్షణములలో అవి ద్రవముతో నిండియుండుటచే, దారి తెరచియున్నను సూచిక ఊదాగనే నిలువవచ్చును. ఊపిరితిత్తులకు రక్తము చాలినంత చేరకున్నను అంతియే. తల సవరించి మాస్కు మరల అమర్చినంతనే రంగు మారినచో అడ్డంకిని అనుమానించుట న్యాయము; ఒత్తిడి పెంచి కొన్ని శ్వాస లిచ్చిన పిమ్మటనే మారినచో, అది ఊపిరితిత్తులు తెరచుకొనుటకు సాక్ష్య మనుట మేలు. వెనుకటి కథనము ఈ రెంటిని ఒకే గాటన కట్టినది.

నేటి స్థితి ఏమనగా, మాస్కు శ్వాసలో ఈ పరీక్షను వాడుమనుటకుగాని వలదనుటకుగాని ఆధారములు చాలవని అంతర్జాతీయ పునరుజ్జీవన సమితి 2023లో తేల్చినది. ఈ సంకోచము నాకు సమంజసముగనే తోచుచున్నది. కిలో బరువు శిశువు ఒక్కొక్క శ్వాస 4 నుండి 6 మిల్లీలీటర్లు మాత్రమే కాగా, వాడుకలోనున్న ఒక సూచికయే 3 మిల్లీలీటర్ల చోటు నాక్రమించును. జఠరరసమో అడ్రినలిన్ మందో తగిలినచో కాగితము పసుపుగనే నిలిచి మోసము చేయును. కావున పసుపు రంగు ధైర్య మియ్యవచ్చును, ఊదా రంగు హెచ్చరింపవచ్చును. శిశువు గుండె వేగమును లెక్కించు పనిని మాత్రము ఏ రంగునకును అప్పగింపరాదు.