బొమ్మ కారులో సీసం ముక్క

పిల్లల బొమ్మలకి చరిత్ర ఏముంటుందిలే అనుకుంటాం. మా సికింద్రాబాద్ ఇంట్లోకి మా మరిది అమెరికా నుంచి స్లాట్ కార్ల సెట్టు తెచ్చాక, నాకూ కొంత చదవక తప్పలేదు.

చూడనివాళ్ల కోసం చెబుతాను. ప్లాస్టిక్ ట్రాక్ మధ్యలో సన్నటి గాడి ఉంటుంది. కారు ముందు కింద నాలుకలాంటి ముక్క ఆ గాడిలో కూర్చుంటుంది. గాడికి రెండు పక్కలా ఉన్న లోహపు పట్టీల నుంచి మోటారుకి కరెంటు అందుతుంది. స్టీరింగు ఉండదు, చేతిలో వేగం పెంచే మీట ఒక్కటే. మలుపులో తగ్గించకపోతే కారు ఎగిరి సోఫా కింద తేలుతుంది!

ఇంగ్లండులో మినిమోడల్స్ కంపెనీ పెట్టిన ఫ్రెడ్ ఫ్రాన్సిస్ 1952లో స్కేలెక్స్ అని స్ప్రింగుతో నడిచే రేకు కార్లు తెచ్చాడు. వాటికే కరెంటు మోటారు పెట్టి, 1957లో హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో స్కేలెక్స్‌ట్రిక్ పేరుతో చూపించాడు. మరుసటి ఏడాదే కంపెనీని లైన్స్ బ్రదర్స్‌కి అమ్మేశాడు. 1960 నుంచి రేకు పోయి ప్లాస్టిక్ బాడీలు వచ్చాయి. కార్లు తేలికయ్యాయి, మలుపుల్లో ఎగిరిపడటమూ మామూలైంది.

అందుకు ఆటగాళ్లు కనిపెట్టిన ఉపాయం బరువు. మనకిది కొత్త కాదు. సంక్రాంతి బొమ్మల కొలువులో తంజావూరు బొమ్మని ఎంత తోసినా లేచి నిలబడేది అడుగున ఉన్న బరువు వల్లే కదా. కారులోనూ అంతే, బరువు ఎంత కింద ఉంటే అంత మంచిది. అయితే ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం. మరీ వెనక పెడితే ముక్కు లేచి గాడి వదిలేస్తుంది. అంతా ముందే పెడితే తోక పక్కకి ఊగుతుంది. గ్యాస్ సిలిండర్‌ని స్కూటరు ముందు పెట్టినప్పుడు ఒకలా, వెనక కట్టినప్పుడు ఒకలా నడుస్తుందే, అలాగ. మరీ ఎక్కువైతే కారు మందగించి మోటారు వేడెక్కుతుంది.

ఆ బరువుకి వాళ్లు ఎక్కువగా వాడింది సీసం. ఇనుము కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, చాకుతో కోస్తే తెగేంత మెత్తన. 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఇంట్లో పొయ్యి మీద కరిగించి అచ్చు పోసుకున్నవాళ్లూ ఉన్నారు. 1974లో అమెరికాలో అరోరా కంపెనీ, ట్రాక్ పట్టీలని అయస్కాంతంతో లాగే మాగ్నాట్రాక్షన్ కార్లు తెచ్చింది. కారుని నేలకి పట్టి ఉంచే పని కొంత అయస్కాంతానికి పోయింది. కానీ బరువు సర్దడంలోనే సరదా ఉందనేవాళ్లు ఇప్పటికీ అయస్కాంతం పీకేసి బరువు అంటిస్తారు.

మావాడూ అదే దారి పట్టాడు. టైరు షాపులో చక్రాల బ్యాలెన్సింగుకి అంటించే ముక్కలు అడిగి తెచ్చుకుంటానన్నాడు. వాటిలో సీసంవి కూడా ఉంటాయి. నేను వద్దన్నాను. సీసం పిల్లల మెదడుకి చేటు, ఇంత వరకు పరవాలేదనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగింది. ఇంటి రంగుల్లో సీసానికి పరిమితి 2017 నవంబరులో గానీ అమలులోకి రాలేదు. ఇన్నేళ్లకి బయట తగ్గించుకున్న దాన్ని మనమే ఇంట్లోకి తెచ్చి, కోసి, ఆ చేత్తోనే అన్నం తినడమా?

"అందరూ అదే వాడతారమ్మా" అని రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. ఆయనా వాడి పక్షమే. చివరికి ఇద్దరూ రాణిగంజ్ వెళ్లి ఉక్కు వాషర్లు తెచ్చారు. డబుల్ టేపుతో వెనక ఇరుసుకి కాస్త ముందుగా, రెండు పక్కలా సమానంగా అంటించారు. సీసమంత చిన్న ముక్కలో సరిపోదు కాబట్టి నాలుగు సార్లు మార్చి మార్చి చూడాల్సి వచ్చింది. ఇప్పుడు మలుపులో కారు నిలుస్తోంది.

మీ పిల్లలు బొమ్మలు విప్పి సర్దుతుంటే ఆపకండి, అది మంచి చదువే. చేతిలో ఉన్న ముక్క దేనితో చేశారో మాత్రం ఒక్కసారి అడగండి.