ఒక్క నుఖ్తా ఖిస్సా

ఉర్దూ హరఫ్‌లలో ‘బే’కి కింద ఒక నుఖ్తా, ‘తే’కి పైన రెండు. నుఖ్తాలు తీసేస్తే రెండింటికీ ఫరక్ లేదు. కెమెరా తారీఖ్‌లోనూ నుఖ్తాల విలువ అంతే.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీని కనిపెట్టారు. పడిన రోష్నీని విద్యుత్తుగా దాచుకునే చిన్న చిన్న గదుల వరుస అది. ఈ ఇద్దరికీ 2009లో నోబెల్ దక్కింది. ఆ గదుల్లో ఒకటి పాడైతే తస్వీర్‌లో అక్కడ దాగ్ పడుతుంది.

1988 మార్చి 17న మన ఐఆర్ఎస్-1ఏ ఉపగ్రహం బైకనూర్ నుంచి ఎగిరింది. దాని లిస్-1 కెమెరాలో ఒక్కో వరుసకు 2048 గదులు. నేల మీద ఒక్కో గది చూసేది 72.5 మీటర్లు. ఆ తస్వీర్లు హైదరాబాద్ దగ్గరి షాద్‌నగర్‌లో దిగేవి. ఉపగ్రహం ముందుకు సాగుతుంటే వరుస వెనక వరుసగా తస్వీర్ తయారవుతుంది. కాబట్టి ఇలాంటి కెమెరాలో ఒక గది చెడితే చుక్క కాదు, పొడుగునా గీత పడుతుంది. మా గోదావరి డెల్టా వరిచేల మీద లేని కాలవ కనిపించినట్టే! ఇలాజ్ ఒకటే: చచ్చిన గదికి ఇరుపక్కల పడోసీలు ఏం చూశాయో లెక్కగట్టి, సగటుతో నింపడం.

ఈమధ్య మా రామచంద్రపురంలో ఒక షాదీ ఫోటోను పెద్దది చేయించారు. దుల్హన్ నుదుటి మీద ఎర్ర చుక్క! “బొట్టెవరు పెట్టారే?” అని నానీమా కంగారు. మిగతా ఫోటోలు నేను వరసగా చూశాను. అదే చోట, ఒకదాంట్లో గోడ మీద, ఇంకోదాంట్లో దుల్హా షేర్వానీ మీద అదే చుక్క. తప్పు దుల్హన్‌ది కాదు, సెన్సర్‌ది. లెన్సుకి మూత పెట్టి, కొన్ని సెకన్లపాటు తస్వీర్ తీయండి. అంతా నలుపు రావాలి. అందులో మెరిసేవే చెడిన పిక్సెళ్లు. సెన్సర్ వేడెక్కేకొద్దీ ఇవి పెరుగుతాయి. చాలా కెమెరాల మెనూలో ‘పిక్సెల్ మ్యాపింగ్’ ఉంటుంది. అది వీటిని గుర్తుపెట్టుకుని, పడోసీల రంగుతో కప్పేస్తుంది. తీసేసిన ఫోటోలకైతే కంప్యూటర్‌లో అదే పని చేయాలి.

ఒక్క మాట యాద్ ఉంచుకోండి. అలా నింపిన నుఖ్తా గవాహీ కాదు, ఖియాస్. నుదుటి మీది దాగ్‌కి ఖియాస్ చాలు. పొలం హద్దు తేల్చాల్సి వస్తే మాత్రం ఏది చూసింది, ఏది నింపింది అన్న హిసాబ్ ఉండాలి. అందుకే సరిచేసిన తస్వీర్ పక్కన అసలుదీ భద్రంగా దాచండి.