నొప్పి తగ్గినా పుప్పి ఆగదు: భిలాయి నేపథ్యంలో పిల్లల పంటి నొప్పికి సొంత వైద్యం

పిల్లల పంటి నొప్పికి తల్లిదండ్రులు వైద్యుణ్ణి అడగకుండా మందు వేయడానికి మామూలుగా రెండు కారణాలు చెబుతారు: డాక్టరు దూరం కావడం, ఇంట్లో చదువు లేకపోవడం. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిని చూస్తే ఈ రెండూ చాలవనిపిస్తుంది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఈ ఉక్కు నగరాన్ని బడులు, ఆస్పత్రితో సహా సెక్టార్లుగా ముందే ఆలోచించి కట్టారు. సెక్టార్ 9లో జవహర్‌లాల్ నెహ్రూ ఆస్పత్రి, ఊళ్ళోనే రుంగ్తా దంత వైద్య కళాశాల, దుర్గ్ పక్కన అంజోరాలో మైత్రి దంత వైద్య కళాశాల ఉన్నాయి. ఇంత వైద్యం చేరువలో ఉన్నచోట కూడా, దేశంలో మిగతా ఊళ్ళలో లాగే, మందుల షాపే మొదటి గుమ్మం అవుతోందంటే కారణాన్ని మరోచోట వెతకాలి. ఆ కారణం పంటి నొప్పి స్వభావంలోనే ఉందని నా వాదన. ఏ మందు వేసినా అదే పనిచేసిందని నమ్మించే గుణం ఆ నొప్పికి ఉంది.

పుప్పి పంటి గట్టి పొరలను తొలిచి లోపలి గుజ్జును చేరగానే ఆ గుజ్జు వాస్తుంది. చుట్టూ గట్టి గోడలే కాబట్టి వాపుకు చోటుండదు. నిద్ర పట్టనివ్వని నొప్పి అక్కడి నుంచే పుడుతుంది. కొన్నాళ్ళకు రక్తం అందక గుజ్జు చచ్చిపోతుంది, దానితోపాటు నరమూ పోతుంది, నొప్పి ఆగుతుంది. ఆ రోజుల్లో ఇంట్లో ఏ మందు వాడారో దానికే పేరు వస్తుంది. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ వేసిన తల్లి దాన్ని నమ్ముతుంది, లవంగ నూనె అద్దిన అమ్మమ్మ లవంగ నూనెను నమ్ముతుంది. కానీ మింగిన యాంటీబయాటిక్ ఎక్కడికైనా రక్తం ద్వారానే చేరాలి. రక్తం పోని చచ్చిన గుజ్జులోకి మందూ పోదు. సూక్ష్మజీవులు వేరు కొస దాటి ఎముకలోకి దిగుతాయి, చిగురు మీద చీము పొక్కు లేస్తుంది, కింద ఎదుగుతున్న శాశ్వత దంతం ఎనామెల్ కూడా దెబ్బతినవచ్చు. పాల పళ్ళే కదా, ఎలాగూ ఊడతాయి అంటారు. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడే మాట నిజమే, పాల దవడ పళ్ళు మాత్రం పది పన్నెండేళ్ళ దాకా నోట్లో ఉండవలసినవి. 2002-03 జాతీయ దంతారోగ్య సర్వేలో ఐదేళ్ళ పిల్లల్లో దాదాపు సగం మందికి పుప్పి కనిపించింది. ఈ పొరపాటు నమ్మకానికి ఎన్ని ఇళ్ళలో అవకాశం ఉందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

మోతాదు సంగతి మరింత ఆందోళనకరం. పారాసిటమాల్‌ను విడతకు కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా. చొప్పున ఇవ్వాలి. 12 కిలోల బిడ్డకు 180 మి.గ్రా. మించకూడదు. పెద్దవాళ్ళ 500 మి.గ్రా. బిళ్ళను సగం విరిచి వేస్తే 250 పడుతుంది. సాధారణ సిరప్‌లో 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉంటే, పసిపిల్లల చుక్కల మందులో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. రెండింటినీ ఒకే చెంచాతో కొలిస్తే నాలుగింతల మందు లోపలికి పోతుంది, ఆ భారం కాలేయం మోయాలి. సీసా మీది వివరాలేమో సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి భిలాయిలో స్థిరపడిన తెలుగు ఇళ్ళలో మనవల్ని చూసుకునే పెద్దవాళ్ళకు అవి ఎంతవరకు అందుతాయి? 12 ఏళ్ళలోపు పిల్లలకు నిమెసులైడ్ అనే నొప్పి మందును 2011లోనే నిషేధించినా, పెద్దల కోసం తెచ్చిన బిళ్ళలు అల్మరాలో మిగిలే ఉంటాయి. ఛత్తీస్‌గఢ్‌లో ఈ సొంత వైద్యానికి గుడాఖు తోడవుతుంది. పొగాకు, బెల్లం మడ్డి కలిపి చేసే ఈ ముద్దతో పళ్ళు తోముకునేవారు ఇక్కడ చాలామంది. టూత్‌పేస్టులో, పళ్ళపొడిలో పొగాకు కలపడాన్ని 1992లో కేంద్రం నిషేధించింది, అయినా గుడాఖు దుకాణాల్లో దొరుకుతూనే ఉంది. పిల్లల పంటికి దాన్ని మందుగా పూయడమంటే నికోటిన్‌ను చేతులారా అలవాటు చేయడమే.

జ్వరానికి ఇంట్లో మందు వేస్తాం కదా, పంటికి వేస్తే తప్పేమిటని అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. అర్ధరాత్రి ఏడ్చే బిడ్డకు బరువుకు తగిన పారాసిటమాల్ వేయవలసిందే. అయితే చాలా జ్వరాలు వాటంతటవే తగ్గుతాయి, పంటిలో పడిన గుంట దానంతటది పూడదు. నొప్పి తగ్గింది కదా అని మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానుకోవడమే అసలు తప్పు. చట్టాన్ని గట్టిగా అమలు చేస్తే చాలదా అనేది మరో వాదన. ఔషధ నియమాల్లోని షెడ్యూల్ హెచ్ ప్రకారం డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదు, ఆ నియమం నిలవాలి. అయితే షాపును మాత్రమే కట్టడి చేస్తే మిగిలిపోయిన బిళ్ళలూ గుడాఖూ ఆ చోటును ఆక్రమిస్తాయి. ఆస్పత్రి దగ్గరే ఉన్నా అందరికీ ఒకేలా అందదనే అభ్యంతరం అన్నిటికంటే బలమైనది, దాన్ని ఒప్పుకుంటాను. ఉక్కు కర్మాగారం పర్మినెంటు ఉద్యోగి కుటుంబానికి కంపెనీ ఆస్పత్రి ఉంది. ఠేకా (కాంట్రాక్టు) కార్మికుడు బిడ్డను పగలు తీసుకెళ్తే ఆ రోజు కూలి పోతుంది. కళాశాలల్లో పిల్లల దంత విభాగాలు సాయంత్రం కూడా తెరిస్తే, షిఫ్టు దిగాక రావడానికి వీలవుతుంది. బరువును బట్టి మోతాదు చెప్పే కాగితం హిందీలో, ఛత్తీస్‌గఢీలో, తెలుగులో మందుల షాపులోనే చేతికివ్వాలి. బుగ్గ వాచినా, జ్వరం తోడైనా, బిడ్డ నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా సాయంత్రం దాకా కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళమని ఆ కాగితం మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండాలి.