నాలుగు చక్రాల సంసారం

పసిపిల్లలతో ప్రయాణమంటే మగవాళ్ళకి టిక్కెట్లు, మనకి మూటలు. ఎక్కడికి వెళ్ళినా పాలసీసా, ఫ్లాస్కు, జ్వరం మందు, తడిబట్టల సంచీ, చిన్నదానికి అది లేకపోతే నిద్రే పట్టని ఆ చిరుగుల దుప్పటీ... సగం ఇల్లు భుజాన వేసుకునే గడప దాటాలి. ఇంత మోసే బదులు ఇంటికే చక్రాలు తగిలిస్తే పోలేదా అని ఏ తల్లికైనా ఎప్పుడో ఒకప్పుడు అనిపించక మానదు.

ఐరోపాలో నిజంగానే తగిలించారు. దాన్నే క్యాంపర్ వాన్ అంటారు. ఒక వ్యానులోనే చిన్న గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే సింకు, పగలు సోఫాగా ఉండి రాత్రి మంచమయ్యే సీటు అమర్చి ఉంటాయి. కారవాన్ అనగానే మనకి షూటింగుల్లో హీరోయిన్లు విశ్రాంతి తీసుకునే ఏసీ బండి గుర్తొస్తుంది. అది వేరు. నేను చెప్పబోయేది సంసారపక్షపు బండి. దాని చరిత్ర తిరగేస్తుంటే నాకొక సంగతి తట్టింది. ఈ బండి పుట్టింది మగవాడి సరదా కోసమే అయినా, పెరిగింది మాత్రం ఆడవాళ్ళ కోరిక మీదా, పిల్లల అవసరం మీదా.

ఆ మగవాడి సంగతి ముందు చెప్పుకుందాం. ఆయన పేరు విలియం గార్డన్ స్టేబుల్స్. స్కాట్లండు మనిషి. బ్రిటిష్ నౌకాదళంలో డాక్టరుగా చేసి, తరువాత మగపిల్లల కోసం సాహస కథలు రాసి పేరు తెచ్చుకున్నాడు. ఊరూరూ తిరిగే జిప్సీల బళ్ళు చూసి ముచ్చటపడి, 1885లో బ్రిస్టల్లోని బళ్ళ కంపెనీ చేత తనకోసం ఒక బండి చేయించుకున్నాడు. దానికి 'వాండరర్' అని పేరు పెట్టాడు. లాగడానికి రెండు గుర్రాలు. ఇంగ్లండు దక్షిణాన ట్వైఫర్డు నుంచి స్కాట్లండులో ఇన్వర్నెస్ దాకా అందులోనే ప్రయాణం చేసి, మరుసటి ఏడు దానిమీద పుస్తకం రాశాడు. వినోదం కోసం ఇలాంటి బండి కట్టించుకున్నవాళ్ళలో ఆయనే మొదటివాడని చెప్పుకుంటారు.

బాగానే ఉంది. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి. గుర్రాలు తోలడానికి ఆయనకి ఒక మనిషి, ముందు మూడుచక్రాల సైకిలు మీద వెళ్ళి దారి చూడడానికి మరో నౌకరు ఉన్నారు. అలా వెళితే ఎవరికి మాత్రం ప్రకృతి అందంగా కనిపించదు చెప్పండి?

అసలు కథ 1931లో, జర్మనీలో ఇస్నీ అనే చిన్న ఊళ్ళో మొదలైంది. ఆరిస్ట్ డెత్లెఫ్స్ అనే ఆయన కుటుంబానిది కొరడాలు, మంచు మీద జారేవాళ్ళు పట్టుకునే కర్రలు తయారుచేసే వ్యాపారం. సరుకు అమ్ముకోవడానికి వారాల తరబడి ఊళ్ళు తిరిగేవాడు. ఆయన మనువాడిన ఫ్రీడెల్ ఎడెల్మాన్ చిత్రకారిణి. కొండలూ పల్లెలూ బొమ్మలు గీసేది. భర్త ఊళ్ళు తిరుగుతుంటే తాను కిటికీలోంచి దారి చూస్తూ కూచోవడం ఆమెకి ఇష్టంలేదు. జిప్సీ బండి లాంటిదొకటి ఉంటే ఇద్దరమూ కలిసి వెళ్ళవచ్చు, అందులో నేను బొమ్మలూ వేసుకోవచ్చు అన్నది ఆమె కోరిక. కోరిందే తడవుగా ఆయన కారు వెనకాల తగిలించే చిన్న ఇల్లు కట్టాడు. జర్మనీలో మొదటి కారవాన్ అదేనంటారు. చూసినవాళ్ళు మాకూ కావాలనడంతో కొరడాల వ్యాపారం కాస్తా కారవాన్ల వ్యాపారమైంది. ఒక ఇల్లాలు "నన్నూ తీసుకెళ్ళండి" అని గట్టిగా అడిగినందుకు పుట్టిన పరిశ్రమ ఇది!

కారు వెనక తగిలించే ఆ ఇల్లు కారు లోపలికే రావడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. 1947లో బెన్ పాన్ అనే డచ్చి వ్యాపారి ఫోక్స్‌వాగన్ వాళ్ళ కోసం తన నోటుపుస్తకంలో డబ్బాలాంటి వ్యాను బొమ్మ గీశాడు. 1950 మార్చిలో అది తయారై రోడ్డెక్కింది. పాపం, అది సరుకులు మోయడానికి పుట్టిన బండి. ఆ మరుసటి ఏడే వెస్ట్‌ఫాలియా అనే పాత గుర్రపుబళ్ళ కంపెనీ దానికి సరిపోయే ఒక చెక్క సామాను తయారుచేసింది. సెలవులకి దాన్ని లోపల పెడితే మంచమూ వంటిల్లూ వస్తాయి. సెలవులయ్యాక తీసేస్తే మళ్ళీ సరుకులబండే. వారమంతా వ్యాపారం, సెలవుల్లో సంసారం! యుద్ధంలో చితికిపోయి అప్పుడప్పుడే కోలుకుంటున్న జర్మన్ కుటుంబాలకి ఒకే బండితో రెండు పనులూ జరిగాయి.

ఇంగ్లండులో కథ ఇంకోలా నడిచింది. అక్కడ 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది. యుద్ధం ముగిశాక మామూలు కుటుంబాలు సముద్రతీరాలకి పోటెత్తాయి. బస చౌకరకం బోర్డింగు ఇళ్ళలో. వాటిని నడిపే ఇంటావిడల ఆంక్షలు ఆ దేశంలో ఇప్పటికీ హాస్యానికి ముడిసరుకు. పొద్దున ఫలహారం కాగానే బయటికి వెళ్ళిపోవాలి, సాయంత్రం దాకా తిరిగి రాకూడదు. పెద్దవాళ్ళకైతే ఫరవాలేదు. చంకలో బిడ్డతో, కొంగు పట్టుకున్న ఇంకో బిడ్డతో, జడివానలో ఆ తల్లి ఎక్కడికి పోతుంది? పాలు ఎక్కడ వెచ్చబెడుతుంది?

ఆ ప్రశ్నకి జవాబుగానే ఈ బండి వచ్చిందనిపిస్తుంది. 1950లలో ఫోక్‌స్టన్‌లో 'డార్మొబైల్' బళ్ళు తయారయ్యాయి. వాటి కప్పు ఒకవైపు గొడుగులా పైకి లేస్తుంది, అందులో పిల్లలకి పడకలు. డెవన్ జిల్లాలో సిడ్మత్ అనే ఊళ్ళో ఒక వడ్రంగం కంపెనీ 1956 నుంచి ఫోక్స్‌వాగన్ బళ్ళలో కొయ్యపని చేసి అమ్మింది. కొన్ని బళ్ళలో డ్రైవరు సీటు మీదుగా ఉయ్యాల లాంటి బట్ట మంచం కట్టేవారు. అది పసివాడి పడక! రాజకుమారుడు కూడా స్టీరింగు మీద కాళ్ళు చాపి పడుకుని ఉండడు.

మన పెద్దవాళ్ళూ గూడుబండిలో గడ్డి పరిచి, మీద జంపఖానా వేసి పిల్లల్ని పడుకోబెట్టుకుని తీర్థాలకి వెళ్ళినవాళ్ళే. బండి ఆగినచోట మూడురాళ్ళ పొయ్యి. అయితే ఆ పొయ్యి ముందు కూచున్నది ఎవరు? అక్కడే వస్తుంది చిక్కు. వంటిల్లు కూడా వెంట వస్తే, ఇల్లాలికి అది సెలవెలా అవుతుంది?

ఈ అనుమానంతోనే ఆమధ్య ఇంగ్లండులో మా పిన్ని కూతురితో అలాంటి బండి ఎక్కాను. ఆరేళ్ళవాడు, మూడేళ్ళది, మా మరిది, మేమిద్దరమూ. డెవన్‌లో రెండువైపులా పొదలు కమ్ముకున్న ఇరుకుదారులు. మధ్యాహ్నం మూడింటికే వాన. చిన్నది మలుపుల్లో తిప్పిందని రెండుసార్లు కక్కుకుంది. బండి పక్కకి తీసి, నీళ్ళతో కడిగి, గౌను మార్చి, పాలు వెచ్చబెట్టి ఇచ్చేసరికి పది నిమిషాలు. రైల్లో అయితే ఆ పూటంతా చుట్టుపక్కలవాళ్ళకి క్షమాపణలు చెప్పుకోవలసి వచ్చేది.

ఇంకో వింత చూశాను. ఇంట్లో గిన్నెలవేళకి మా మరిదికి ఆఫీసు ఫోను వస్తుందట. బండిలో పారిపోవడానికి పక్కగది ఏదీ? సింకు పక్కన కూచున్నవాళ్ళు తోమితే తప్ప మిగతావాళ్ళు కదలడానికి చోటుండదు. "వదినా, ఈ సీటు ఎవరు కేటాయించారు నాకు?" అన్నాడు మూడోరోజు, చేతికి నురగతో. మా చెల్లెలు కిటికీవైపు తిరిగి నవ్వుకుంది.

అంతా బంగారమని చెప్పను. అంత చిన్న చోట నలుగురి తడిబట్టలూ ఆరవు, ఒకరి కోపం ఇంకొకరికి తగలకుండా పోదు. పాత బళ్ళలో పిల్లలు వెనక పరుపు మీద దొర్లుతూ వెళ్ళేవారట. ఇప్పుడది కుదరదు. బ్రిటన్‌లో 1989లో వెనక సీటు పిల్లలకీ బెల్టు తప్పనిసరైంది. దొర్లే సరదా పోయింది కానీ, తల్లి గుండెలమీద బరువు కొంత దిగింది.

ఇలాంటి బండి కొనేవాళ్ళు ముందు పడకలు లెక్కపెడతారు, తరువాత పొయ్యి చూస్తారు. నాకు మాత్రం ఫ్రీడెల్ గుర్తొస్తుంది. ఆవిడ అడిగింది భర్తతో వెళ్ళే చోటు ఒక్కటే కాదు, బొమ్మలు వేసుకునే చోటు కూడా. మనలో చాలామంది మొదటిది అడిగి ఊరుకుంటాం. "పిల్లలు పడుకున్నాక ఒక గంట నాది, ఆ గంట నన్ను పిలవకండి" అని అడగడం ఎందుకో నోట రాదు. అడిగిచూడాలి. అడిగినవాళ్ళకి ఇల్లే కదిలివచ్చిందని చరిత్ర చెబుతోంది కదా!